గవ్వల దేశం, పగడాల నేల

చేతిలో డబ్బు లేకపోతే ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం. ఒకప్పుడు గవ్వ నిజంగానే డబ్బు. బెంగాల్, ఒడిశా సంతల్లో చెలామణీ అయిన గవ్వలు పెద్దమొత్తంలో మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి. 14వ శతాబ్దంలో అక్కడ కొంతకాలం ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ వ్యాపారం గురించి రాశాడు. అయితే సముద్రజీవులు ఆ దేశానికి ఇచ్చింది డబ్బు ఒక్కటే కాదు, కాలి కింది నేల కూడా.

భారత్, శ్రీలంకలకు నైరుతి దిశలో, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 870 కిలోమీటర్ల పొడవున సుమారు 1,190 దీవులున్నాయి. దాదాపు 200 దీవుల్లోనే ఊళ్లున్నాయి. మొత్తం భూభాగం సుమారు 300 చదరపు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నగరంలో సగం కూడా కాదు. అందులో 80 శాతానికి పైగా సముద్రమట్టం నుంచి ఒక్క మీటరు ఎత్తు లోపే ఉంటుంది.

విమానం రాజధాని మాలే వైపు దిగుతున్నప్పుడు నీలి నీటిలో ఉంగరాల్లాంటి దిబ్బలు కనిపిస్తాయి. వీటినే అటోల్ అంటారు. ఈ మాట మాల్దీవుల దివేహి భాష నుంచే ప్రపంచానికి వెళ్లింది. అగ్నిపర్వత దీవి మెల్లగా కుంగుతుంటే, దాని అంచున పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతూ పోతాయని, చివరికి ఉంగరం మాత్రమే మిగులుతుందని 1842లో చార్లెస్ డార్విన్ వివరించాడు. మాల్దీవుల అడుగున రెండు కిలోమీటర్లకు పైగా మందాన సున్నపురాయి, దాని కింద లావా రాయి ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కను పీఠభూమిని లావాతో కప్పిన భూగర్భ ఉష్ణకేంద్రమే, భారత ఫలకం ఉత్తరానికి జరిగాక దీన్నీ పోసిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అంటే ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయికి ఇది తోబుట్టువు.

మరి పైనున్న తెల్లటి ఇసుక? చిలుక ముక్కు లాంటి నోరున్న చిలుకచేప పగడపు రాతిని గీకి తింటుంది. జీర్ణం కాని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. వక్కారు అనే దీవి చుట్టూ కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపలదేనని 2015లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. పర్యాటక ప్రచార పత్రాల్లో ఈ సంగతి కనిపించదు మరి! ఆ ఇసుక కూడా ఒకచోట ఉండదు. రుతుపవనాలు దిశ మార్చినప్పుడల్లా దీవికి ఒకవైపు తీరం తరిగి, మరోవైపు పెరుగుతుంది.

ఇలాంటి నేలలో మంచినీరు దొరకడమే విశేషం. ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దానిపై పలుచని కటకంలా తేలుతుంది. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకొస్తుంది. మాలేలో జరిగింది అదే. ఇప్పుడు నగరం సముద్రపు నీటిని శుద్ధిచేసి తాగుతోంది. 2014 డిసెంబరులో శుద్ధి కేంద్రంలో మంటలు చెలరేగి కుళాయిలు ఆగిపోతే, భారత్ విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపింది.

సముద్రమట్టం పెరుగుతోంది. దిబ్బలు బతికుంటే అలల దెబ్బ కాస్తాయి, కొత్త ఇసుక ఇస్తాయి. కానీ మామూలు వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తనకు ఆహారమిచ్చే శైవలాలను బయటకు నెట్టేస్తుంది. 1998లో ఇలాగే లోతు తక్కువ చోట్ల పగడాలు చాలావరకు చనిపోయాయి. కోలుకుంటుండగా 2016లో మళ్లీ అదే జరిగింది. మాలే పక్కనే సముద్రపు ఇసుక తోడిపోసి, సుమారు రెండు మీటర్ల ఎత్తున హుళుమాలే దీవిని కట్టారు. ఇక్కడా ఒక చిక్కుంది: ఇసుక తోడేటప్పుడు లేచే మడ్డి చుట్టుపక్కల పగడాలపై పేరుకుని వాటిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది.

వాన తక్కువగా ఉండే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పర్యాటకులు ఎక్కువ. నీరు బాగా వేడెక్కేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు వెళ్లి నీళ్లలోకి తొంగిచూసినవారికి ఒక్కోసారి మంచులా తెల్లగా మెరిసే పగడాలు కనిపిస్తాయి. అవి ఇంకా చనిపోలేదు, ఆకలితో ఉన్నాయి. కొన్ని వారాల్లో నీరు చల్లబడితే మళ్లీ రంగు వస్తుంది.