కేక వేస్తే వచ్చే వ్యాకరణం

లాటిన్ ఈనాడు ఎవరి ఇంటిభాషా కాదు. సంస్కృతంలాగే దానికీ విభక్తుల బెడద ఉంది. పిల్లలకు ఆ బెడద తీర్చడానికి ఇంగ్లండులో ఒక ఉపాయం పన్నారు: నాటకం! వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో ఏటా ఒక లాటిన్ నాటకం ఆడాలని 1560 నాటి నిబంధనలలోనే వ్రాశారు.

రోమను కవి ప్లాటస్ హాస్యనాటకం 'మెనైక్మీ'నే చూడండి. అందులో ఇద్దరు కవలలు. రూపూ ఒకటే, పేరూ ఒకటే. ఒకరనుకొని మరొకరిని పిలవడమే కథంతా. పేరు మెనైక్మస్, పిలిస్తే 'మెనైక్మే!' మన 'రామః' పిలుపులో 'రామ' అయినట్లే. రంగంమీద పదిసార్లు కేకవేసిన కుర్రవాడికి సంబోధనను వేరే వల్లె వేయించాలా?

ఈ కథ మనకూ చుట్టమే. దీని ఆధారంతో షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' వ్రాస్తే, దాన్ని వీరేశలింగం పంతులుగారు 'చమత్కార రత్నావళి'గా తెనిగించి, 1880లో రాజమహేంద్రవరంలో తమ విద్యార్థులచేత ఆడించారు.

నేడు హైదరాబాదులో ఇంటర్ పిల్లలు ఎందరో మార్కులకోసం సంస్కృతం తీసుకుంటున్నారు. మార్కులు వస్తున్నాయి; భాష రావడంలేదు. భాసుని 'మధ్యమవ్యాయోగం' ఒక్క అంకమే గదా! ఘటోత్కచుడు 'మధ్యమ!' అని బ్రాహ్మణుని నడిమి కొడుకును పిలిస్తే, భీముడు వచ్చి నిలుస్తాడు. మా ఎర్రమంజిల్ మేడలమీద ఆ కేక ఒక్కసారి వినిపిస్తే, సంస్కృతం కూడా పలక్కపోతుందా?