అరుదైన ప్రాసెసర్‌కు క్రాస్ కంపైలర్ అమర్చుకోవడం

పటాన్‌చెరులోనో పాశమైలారంలోనో ఒక చిన్న పరిశ్రమలో మోటారును నియంత్రించే బోర్డును ఊహించుకోండి. దాని మెమొరీ కొన్ని వందల కిలోబైట్లే. అందులో కంపైలర్ పట్టదు. కాబట్టి కంపైలర్ మీ కంప్యూటర్‌లో నడుస్తూ, బోర్డు మీది ప్రాసెసర్‌కు అర్థమయ్యే యంత్రభాషను తయారుచేయాలి. ఇటువంటి దానిని క్రాస్ కంపైలర్ అంటారు.

ఉదాహరణకు సీ-డాక్ రూపొందించిన తేజస్32 చిప్‌ను తీసుకుందాం. ఇది రిస్క్-ఫైవ్ ఆదేశ సముదాయంపై ఆధారపడింది. 2010లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ ఆదేశ సముదాయాన్ని రుసుము చెల్లించకుండా ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ఇందులో ఐచ్ఛిక భాగాలు చాలా ఉన్నాయి. తేజస్32 రకం 'ఆర్‌వీ32ఐఎం'. 'ఐ' అంటే పూర్ణాంకాల మూల ఆదేశాలు, 'ఎం' అంటే గుణకార భాగహారాలు. రెండు బైట్ల కుదింపు ఆదేశాలను సూచించే 'సీ' ఇందులో లేదు. ఈ లేని అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి.

అమర్చే క్రమం ఇది. ముందుగా అసెంబ్లర్, లింకర్ ఉండే బిన్‌యుటిల్స్‌ను కట్టాలి. తరువాత లైబ్రరీ ఏదీ లేకుండా జీసీసీని ఒకసారి కట్టాలి. ఆ జీసీసీతో న్యూలిబ్ అనే చిన్న సీ లైబ్రరీని కంపైల్ చేసి, చివరగా జీసీసీని పూర్తిగా మళ్లీ కట్టాలి. జీసీసీని రెండుసార్లు ఎందుకు కట్టాలి? లైబ్రరీ తయారుకావాలంటే కంపైలర్ కావాలి, కంపైలర్ పూర్తి కావాలంటే లైబ్రరీ కావాలి. ఈ చిక్కుముడిని విప్పడానికే మొదటి అసంపూర్ణ కంపైలర్.

ప్రతి దశలోనూ లక్ష్యం పేరు, స్థాపించే ఫోల్డరు ఒకటే ఉండాలి. జీసీసీకి ప్రాసెసర్ రకం ఆర్‌వీ32ఐఎం అని, ఏబీఐ ఐఎల్‌పీ32 అని స్పష్టంగా చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? వేరొకరు 'సీ'తో కలిపి కట్టిన సాధనాలను తెచ్చుకున్నారనుకుందాం. మీ ప్రోగ్రామును ఆర్‌వీ32ఐఎం అనే కంపైల్ చేస్తారు. లైబ్రరీ వాడని ఎల్‌ఈడీ ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది. ప్రింట్ఎఫ్ చేర్చగానే బోర్డు ఆగిపోతుంది. ఎందుకంటే ప్రింట్ఎఫ్ లైబ్రరీ నుంచి వచ్చింది, ఆ లైబ్రరీలో రెండు బైట్ల ఆదేశాలున్నాయి. ఏబీఐలో దశాంశ సంఖ్యల పద్ధతి తేడాపడితే లింకర్ ఆపుతుంది, కానీ ఈ కలయికను మాత్రం మౌనంగా అంగీకరిస్తుంది. నేను మొదటిసారి ఈ పొరపాటు చేసినప్పుడు రెండు రోజులు బోర్డునే అనుమానించాను.

కనుక బోర్డులోకి ఎక్కించే ముందు ఆబ్జ్‌డంప్‌తో తయారైన ఫైలును విడదీసి చూడండి. ఆర్‌వీ32ఐఎంలో ప్రతి ఆదేశం సరిగ్గా నాలుగు బైట్లు. రెండు బైట్ల ఆదేశం ఒక్కటి కనిపించినా లైబ్రరీ తప్పు.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో పరిశోధకులు పనిచేస్తున్న ఎల్‌ఎల్‌వీఎం పద్ధతి వేరు. అందులోని క్లాంగ్ ఒక్కటే అనేక ప్రాసెసర్లకు కోడ్ ఇవ్వగలదు. కంపైలర్‌ను రెండుసార్లు కట్టే శ్రమ తప్పుతుంది. సరైన లైబ్రరీని మాత్రం అక్కడా మీరే సమకూర్చుకోవాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి: ప్రింట్ఎఫ్ వాడని ప్రోగ్రాములో రెండు పూర్ణాంకాలను భాగించారు. 'ఎం' లేని ప్రాసెసర్‌కు దానిని కంపైల్ చేస్తే, భాగహారం చేసే కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది?