చేతి ఫోనులో కొత్త వేషాలు: ముఖం మనమే దిద్దుకునే ఆటలేవి, వేషం అమ్మే ఆటలేవి?

బుచ్చయ్యపేట (మన విలేఖరి): పొద్దు వాలేసరికి వడ్డాది కూడలిలోను, ఊళ్లలో రామాలయం అరుగుల మీద, బడి గోడల వెంట చేతి ఫోను పట్టుకుని కూర్చున్న కుర్రకారు కనిపిస్తారు. వారిలో ఎక్కువ మంది ఆడేది తుపాకుల ఆటే. అయితే కొందరు ఇంకొక రకం ఆట కోసం వెతుకుతున్నారు. తనకు నచ్చిన మనిషిని తానే తయారు చేసుకుని, ఆ మనిషిగా ఒక కొత్త లోకంలో తిరగాలన్నది వారి కోరిక. ముక్కు ఎలా ఉండాలి, ఏ విద్య నేర్వాలి, ఏ పని చేసుకుని బతకాలి అన్నీ ఆడేవాడి ఇష్టమే. వీటిని పాత్రధారణ ఆటలు అనవచ్చును. ఇంటర్నెట్ ద్వారా వేలమంది ఒకే లోకంలో కలుసుకుని ఆడుతుంటారు.

ఇది పెద్దలకు వింతగా తోచవచ్చు గాని, ఈ ప్రాంతానికి వేషం కొత్త కాదు. తూర్పు భాగవతంలో జడ వేసుకుని సత్యభామగా నిలిచిన మగవాడిని చూసి మన తాతలు తెల్లవార్లూ కూర్చున్నారు. అనకాపల్లి గవరపాలెం గౌరీపరమేశ్వరుల ఉత్సవానికి బండి కట్టుకుని వెళ్లి నేలవేషాలు చూసి వచ్చిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. పగటి వేషగాడు వచ్చిన రోజున ఊరంతా వీధిలోనే ఉండేది. ఆ వేషగాడు రంగు తానే నూరుకునేవాడు, ముఖం తానే దిద్దుకునేవాడు. ఫోను ఆటల్లో కొన్నింటిలో రంగుల పెట్టె మన చేతికే ఇస్తారు. మరి కొన్నింటిలో తయారైన వేషాన్ని డబ్బుకు అమ్ముతారు, లేదా లాటరీలో పెడతారు. ప్లే స్టోరులో మాత్రం రెండింటి మీదా ఒకే పేరు రాసి ఉంటుంది. కుర్రాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఈ ఆటలకు మూలం ఫోను కాదు, కంప్యూటరూ కాదు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. పాచికలు వేసి మనిషికి బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలు రాసుకునేవారు. అంకెలు తక్కువ పడినా ఆ మనిషితోనే నెగ్గుకు రావాలి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రుబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ఆటలో పలువురు ఒకేసారి కంప్యూటరు మీద కలుసుకోగలిగారు. దానిలో బొమ్మ లేదు, అంతా రాతే. బొమ్మలు, రంగులు, వేల జనం తరువాతి ఇరవై ఏళ్లలో వచ్చి చేరాయి.

ఈ వ్యాపారం ఇప్పుడు ఎంత పెద్దదైందో చెప్పడానికి ఒక లెక్క చాలును. ఈ రకం ఆటల్లో పేరు మోసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ 2004లో వచ్చింది. దానిని తయారు చేసిన సంస్థను మైక్రోసాఫ్టు 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లకు, అంటే మన రూపాయల్లో 5 లక్షల కోట్లకు మించిన సొమ్ముకు కొన్నది. కొన్న కంపెనీకి అధిపతి హైదరాబాదులో పుట్టిన తెలుగువాడు సత్య నాదెళ్ల. అంతకు ముందే, 2021లో, ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ అనే మరొక పెద్ద ఆట కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆటలకు యజమాని తెలుగువాడైనా ఆ ఆటల్లో తెలుగు అక్షరం మాత్రం లేదు!

రూపం వేరు, గుణం వేరు

వెతికేవారు మొదట తెలుసుకోవలసింది ఒకటున్నది. పాత్రను మలచుకోవడం రెండు విధాలు. మొదటిది రూపం: ముఖం, ఎత్తు, జుట్టు, బట్టలు. రెండవది గుణం: ఏ విద్య, ఏ ఆయుధం, ఏ వృత్తి. చాలా ఆటల్లో ఒకటి ఘనంగా ఉండి రెండవది పలుచగా ఉంటుంది. ప్రకటనలో చూపేది ఎప్పుడూ ముఖమే గనుక కుర్రాళ్లు ముఖం చూసి మోసపోతారు.

కొరియా దేశపు ‘బ్లాక్ డెజర్ట్’ దీనికి మంచి ఉదాహరణ. ముఖం దిద్దుకోవడంలో దానికి సాటి తక్కువ. చెక్కిలి ఎముక మొదలు కనురెప్ప వరకు వేలితో జరిపి మార్చుకోవచ్చును. గంటల తరబడి ముఖం దిద్ది, అసలు ఆట మొదలుపెట్టకుండానే నిద్రపోయేవారున్నారంటే ఆశ్చర్యం లేదు. అయితే దానిలో చాలా వృత్తులకు ఆడా మగా అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ కత్తి పట్టాలంటే ఆ మనిషే కావాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’. బొమ్మలు ముతకగా, పాతకాలపు ఆటలా ఉంటాయి. ముఖం దిద్దుకునే అవకాశం అంతంత మాత్రమే. కాని గుణం సంగతికి వస్తే దానికి దండం పెట్టాలి. వృత్తి ఏదని మొదట ఎవరూ అడగరు. 20కి పైగా విద్యలున్నాయి. చేపలు పట్టడం, వంట, కట్టెలు కొట్టడం, గని తవ్వడం, కమ్మరం, విలువిద్య, మంత్రం ఏది చేస్తే అది వస్తుంది, ఎంత చేస్తే అంత వస్తుంది. కత్తి పట్టకుండా చేపలు పట్టి అమ్ముకుంటూ కూడా ఆడవచ్చును. శారదా నది ఒడ్డున గాలం వేసి కూర్చున్నవాడికి అదేమి ఆట అని అనిపించవచ్చు గాని, ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే విడిచిపెట్టబుద్ధి కాదు. 2018 అక్టోబరు నుంచి అది చేతి ఫోనులో కూడా దొరుకుతున్నది. కొన్ని విద్యలు చందా కట్టిన వారికే ఉన్నా, పైన చెప్పినవి ఉచితంగానే నేర్వవచ్చును. చవక ఫోను, చిన్న డేటా ప్యాకు ఉన్న మన కుర్రాళ్లకు ఈ విలేఖరి మొదట చెప్పేది దీని పేరే.

ఫోనులో ఆడదగ్గది ఇంకొకటి ‘ఆల్బియన్ ఆన్‌లైన్’. 2021 నుంచి ఫోనులో ఉన్నది, ఉచితం. తొడిగిన సామగ్రిని బట్టి మనిషి మారిపోతాడు. విల్లు పడితే విలుకాడు, కర్ర పడితే వైద్యుడు. సింగపూరులో దానికి ఆసియా సర్వరు 2023లో పెట్టారు. ఆడేవారు దానినే ఎంచుకోవాలి. అమెరికా సర్వరు ఎంచుకుంటే ఇక్కడ నొక్కిన బటను అక్కడికి చేరేలోగా ఎదుటివాడి దెబ్బ పడుతుంది. ఒక హెచ్చరిక: ప్రమాదకరమైన ప్రాంతాల్లో చనిపోతే చేతిలోని మూట మొత్తం చంపినవాడిదే. నెల రోజుల కష్టం ఒక్క పూటలో పోవచ్చును.

కంప్యూటరు ఉన్నవారికి అవకాశాలు ఎక్కువ. ‘గిల్డ్ వార్స్ 2’లో మొదటి కథాభాగం 2015 నుంచి ఉచితం, నెల చందా లేదు. ‘ఫైనల్ ఫాంటసీ 14’లో 70వ మెట్టు దాకా రోజుల లెక్క లేకుండా ఉచితంగా ఆడనిస్తారు. దానిలో ఒకే మనిషి అన్ని వృత్తులూ నేర్వవచ్చును. ‘ఎల్డర్ స్క్రోల్స్’లో రూపం, గుణం రెండూ నిండుగా ఉన్నాయి గాని, ఆటను కొనాలి. పైగా అది సుమారు 100 జీబీ. రోజుకు 2 జీబీ వచ్చే ప్యాకుతో దించుకోవాలంటే 50 రోజులు ఇంట్లో మరెవరూ ఫోను ముట్టకూడదు!

వేషాల పెట్టె

రూపం మీదే మక్కువ ఉన్నవారు తప్పక తెలుసుకోవలసిన కథ ‘సిటీ ఆఫ్ హీరోస్’ది. 2004లో అమెరికాలో వచ్చిన ఈ ఆటలో ప్రతివాడూ ఒక సాహస వీరుడు. ఆ వీరుడి వేషం టోపీ నుంచి చెప్పుల దాకా ఆడేవాడే కూర్చుకుంటాడు. ఇక్కడ ఒక గొప్ప సూత్రం పాటించారు. బట్టలకూ బలానికీ సంబంధం లేదు. మిగతా ఆటల్లో మంచి కవచం దొరికితే అది నచ్చకపోయినా తొడగాలి, చివరికి అందరూ ఒకే తీరున కనిపిస్తారు. ఇక్కడ ఎవరి వేషం వారిదే. కొరియా యాజమాన్యం 2012 నవంబరు 30న దీనిని మూసివేసింది. ఆడేవారు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి చాటుమాటుగా బతికించారు. చివరకు 2024 జనవరిలో ‘హోమ్‌కమింగ్’ అనే అభిమానుల బృందానికి అదే యాజమాన్యం అనుమతి పత్రం ఇచ్చింది. ఇప్పుడు ఉచితంగా ఆడవచ్చును. కంప్యూటరు ఉండాలి. మూసిన నాటకాల కంపెనీని ప్రేక్షకులే మళ్లీ తెరిపించినట్లయింది.

ఇక లాటరీ రకం గురించి. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ 2020లో వచ్చిన చైనా ఆట. బొమ్మలు కన్నుల పండువుగా ఉంటాయి. అది కూడా పాత్రధారణ ఆటే నంటారు గాని, పాత్రలు కంపెనీ తయారు చేసినవే. ముఖం మార్చడానికి వీలు లేదు. గొప్ప పాత్ర కావాలంటే చీటీ తీయాలి. వెయ్యి చీటీలకు 6 మాత్రమే ఆ తరగతివి. 90 తీసేసరికి ఒకటి తప్పక వస్తుందంటారు, అది మనం కోరినదే అవుతుందన్న భరోసా లేదు. చీటీలు కొంత ఆడితే వస్తాయి, మిగతావి డబ్బుకు. ఇలాంటి చీటీల పద్ధతిలో ఒక రకాన్ని జపాను 2012లోనే ఆపించింది. డబ్బు తీసుకుని ఏమున్నదో చెప్పకుండా పెట్టెలు అమ్మడం జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది.

మన దగ్గర 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పేకాట వంటి వాటిని ఆర్డినెన్సుతో నిషేధించింది. పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. పందెం లేకుండా చందా కట్టి ఆడే ఆటలకు ఆ చట్టంలో చోటున్నది. కనుక ఈ వ్యాసంలో మెచ్చుకున్న ఆటలు ఆడడం నేరం కాదు. కాని నిషేధం లేనంత మాత్రాన జేబుకు చిల్లు పడదని అనుకోరాదు.

ఆట దించే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటి తెరలో మనిషిని తయారు చేయనిస్తారా, లేక తయారైన నలుగురిలో ఒకరిని ఎంచుకోమంటారా? ఎంచుకున్న విద్య తరువాత మార్చుకోవచ్చునా? తొలి రోజు ఉత్సాహంలో దిద్దిన ముఖం నెల తరువాత నచ్చకపోతే ఎంత అడుగుతారు? ‘గిల్డ్ వార్స్ 2’, ‘ఎల్డర్ స్క్రోల్స్’ రెండింటిలోనూ రూపం తిరిగి దిద్దడానికి దుకాణంలో వస్తువు కొనాలి. అందుచేత మొదటి రోజే నిదానంగా దిద్దుకోవడం లాభం. ఆట ప్లే స్టోరులోనే దించాలి. ఎవరో పంపిన ఫైలు ఎక్కించుకుంటే ఫోనులోని బ్యాంకు ఖాతాకే ఎసరు రావచ్చును. పాత్రకు పెట్టే పేరు సొంత పేరు, ఊరి పేరు కాకుండా చూసుకోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలు. అవతలివాడు కూడా వేషంలోనే ఉంటాడు గదా.

ఇంట్లో ఉన్నది తండ్రి ఫోనే అయి, దానిలో యూపీఐ ఉంటే, ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డు అడిగే ఏర్పాటు ప్లే స్టోరు సెట్టింగులలో ఉన్నది. అది తండ్రి తన చేత్తో పెట్టుకుని, ఆ తరువాత గుంటడికి ఫోను ఇవ్వవచ్చును.