బాలనాగమ్మ చెర, దేవసేన సంకెళ్లు

2015 జులైలో బాహుబలి మొదటి భాగం విడుదలైనప్పుడు దాని మూలాల గురించి చాలా చర్చ జరిగింది. దాయాదుల పోరు మహాభారతానిదన్నారు. సింహాసనానికి బానిసైన కట్టప్పలో భీష్ముడు కనిపించాడు. చిన్ననాడు చదివిన అమరచిత్ర కథల ఇష్టం గురించి దర్శకుడు రాజమౌళి స్వయంగా చెప్పారు. అవన్నీ సరే. దేవసేన కథను విడిగా తీసి చూస్తే మాత్రం అంతకన్నా దగ్గరి చుట్టం ఒకటి నాకు కనిపిస్తుంది. అది బుర్రకథగా, నాటకంగా, సినిమాగా తెలుగువాళ్లు తరతరాలుగా విన్న బాలనాగమ్మ కథ.

రెండు కథల ఎముకల గూడు ఒకటే. రాచకోడలు శత్రువు చేతిలో బందీ అవుతుంది. పసిబిడ్డ ఆమెకు దూరంగా పెరుగుతాడు. పెద్దవాడై, తల్లి బతికే ఉందని తెలుసుకుని, చెర విడిపించడానికి వస్తాడు. ఇంతవరకు తేడా లేదు. చెరలో ఉన్నన్నాళ్లూ ఆ స్త్రీ ఏం చేసింది అన్న దగ్గర రెండు కథలూ వేరే దారులు పడతాయి. జానపద సాహస కథను యాక్షన్ సినిమాగా మలిచేటప్పుడు నాయికకు ఏం చేకూరింది, ఏం చేజారింది అన్నది అక్కడే తెలుస్తుంది.

బాలనాగమ్మ కథ వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి, కీలకం మాత్రం మారదు. మాయల ఫకీరు అనే మాంత్రికుడు జంగం వేషంలో వచ్చి, ఆమెను కుక్కగా మార్చి తన గుహకు తీసుకుపోతాడు. అక్కడ ఆమె దగ్గర ఆయుధం లేదు, ఆదుకునే మనిషి లేడు. ఎదురుగా ఉన్నవాడు మనుషుల్ని రాళ్లు చేయగలడు. తాను నోము పట్టానని, అది తీరేదాకా తనను తాకరాదని ఆమె చెబుతుంది. అంత శక్తి ఉన్న మాంత్రికుడు ఆ మాటకు కట్టుబడతాడు. ఏళ్లు గడుస్తాయి. కొడుకు బాలవర్ధిరాజు వచ్చాక, ఫకీరు ప్రాణం ఎక్కడుందో తెలియాలి. సముద్రాల అవతల ఒక చిలకలో ఉందన్న ఆ రహస్యాన్ని ఫకీరు నోటి నుంచే రాబట్టేది బాలనాగమ్మ. కొడుకు వెళ్లి చిలకను తెస్తాడు. సాహసం అతనిదే, అయితే ఎటు వెళ్లాలో తెలిసింది తల్లి వల్ల. ఆమెను కథలోంచి తీసేస్తే కొడుకు ఆ గుహ దగ్గర రాయిగా మిగిలిపోతాడు.

ఈ కథను జెమినీ సంస్థ 1942లో సి. పుల్లయ్య దర్శకత్వంలో, కాంచనమాల నాయికగా తీసింది. 1959లో అంజలీదేవి, ఎన్టీఆర్, ఎస్వీ రంగారావులతో మళ్లీ తెరకెక్కింది. రెండిటికీ నాయిక పేరే పేరు. ఆ రోజుల్లో ఇది విశేషంగా ఎవరికీ తోచి ఉండదు, కథ ఆమెది కాబట్టి.

ఇప్పుడు దేవసేన దగ్గరికి వద్దాం. మాహిష్మతి కోట ముంగిట, సంకెళ్లలో పాతికేళ్లు. తనను బంధించిన భల్లాలదేవుడి చితి కోసం ఆమె పుల్లలు ఏరుతుంటుంది. ఈ ఊహ గొప్పది. ద్రౌపది శపథం ఛాయ ఉన్నా దానికి నకలు కాదు. ఆ పాత్ర వేసిన అనుష్క ముఖంలో, ఆ ముడతల్లో, చూపులో పాతికేళ్ల పంతం కనిపిస్తుంది. కానీ ఆ పాతికేళ్లు సినిమాలో ఎంతసేపు ఉన్నాయి? కొన్ని దృశ్యాలు మాత్రమే. బాలనాగమ్మ కథకు నడిమి భాగమంతా చెరే. బాహుబలిలో చెర అంటే రెండు సాహసాల మధ్య ఉన్న ఖాళీ. ఆ ఖాళీని ఆమె భర్త అమరేంద్ర బాహుబలి గతం నింపింది.

దీనికి కారణం దర్శకుడి చిన్నచూపు అనుకుంటే తొందరపాటే. యాక్షన్ సినిమా నడిచే తీరులోనే కారణం ఉంది. అందులో బలమంటే కదలిక. కొండ ఎక్కాలి, ఏనుగు మీదికి ఉరకాలి, ఒంటిచేత్తో రథం ఆపాలి. కెమెరా కదిలే శరీరం వెంట వెళుతుంది. బందీ కదలదు. ఆమె బలమంతా వాయిదా వేయడంలో, మాట మీద మాట అల్లడంలో, ఎదుటివాడి అహంకారాన్ని కనిపెట్టి వాడుకోవడంలో ఉంటుంది. రాత్రంతా సాగే బుర్రకథకు అలాంటి బలాన్ని చూపించే తీరిక ఉండేది. కథకుడు ఒక్క సంభాషణను అరగంట సాగదీసినా జనం కూర్చునేవారు. ప్రతి పావుగంటకూ ఒక ఘట్టం పేల్చాల్సిన సినిమాకు ఆ తీరిక లేదు. కాబట్టి నాయికను బలంగా చూపాలనుకున్న ప్రతిసారీ దానికి తోచే ఉపాయం ఒక్కటే: ఆమె చేతికి కత్తో విల్లో ఇవ్వడం.

మొదటి భాగంలోని అవంతికకు ఇచ్చింది అదే. ఆమె తిరుగుబాటు దళంలో యోధురాలు. దేవసేనను విడిపించే పని పోరాడి సంపాదించుకుంటుంది. అసలు దేవసేన కొడుకు మహేంద్ర, శివుడనే పేరుతో పెరిగినవాడు, జలపాతం ఎక్కిందే ఆమె ముసుగు చూసి, ఆ ముఖాన్ని ఊహించుకుని. ఇంత బరువున్న పాత్రను ఆ తరువాత చేసినదేమిటి? అతను ఆమెతో కలబడుతూనే జుట్టు విప్పి, దుస్తులు మార్చి, పెదవులకు రంగు పూసి, యోధురాలి లోపల ఒక అందగత్తె ఉందని ఆమెకే చూపిస్తాడు. ఆమె అనుమతి ఎక్కడా కనిపించదు. ఈ ఘట్టం మీద అప్పట్లో గట్టి విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శ. నన్ను అంతకన్నా బాధించేది దాని తరువాతి మలుపు. ఆమె లక్ష్యాన్ని అతను తన మీద వేసుకుంటాడు. దేవసేనను తెచ్చే పని చేతులు మారుతుంది, ప్రేమ పేరుతో. 2017లో వచ్చిన రెండో భాగంలో అవంతిక దాదాపు మాయమైపోయింది. కత్తి ఆమె దగ్గరే ఉంది, కథ మాత్రం వెళ్లిపోయింది.

ఆయుధం పట్టిన స్త్రీ మన కథలకు కొత్త కాదు. పోతన భాగవతంలో సత్యభామ నరకాసురుడి సేనతో చేసిన యుద్ధం తెలుగువాళ్లకు కంఠతా వచ్చిన ఘట్టం. విల్లు పట్టి శత్రువును చూస్తూ ఆమె రౌద్రం, అదే క్షణంలో భర్తను చూస్తూ ఆమె శృంగారం పక్కపక్కనే నడుస్తాయి. చివరికి నరకుడి తల తెంచేది కృష్ణుడి చక్రమే. బాహుబలి రెండో భాగంలోని ఒక సన్నివేశానికి ఈ వరస అతికినట్టు సరిపోతుంది. గుడి దగ్గర ఆడవాళ్ల మీద చేతులు వేసే సేతుపతి వేళ్లు దేవసేన నరుకుతుంది. సభలో విచారణ జరిగినప్పుడు, నరకాల్సింది వేళ్లు కాదంటూ బాహుబలి అతని తల నరుకుతాడు. హాలు హాలంతా ఊగిపోయిన దృశ్యమది. మొదటి దెబ్బ ఆమెది, చివరి దెబ్బ అతనిది. ప్రేక్షకుల చప్పట్లు ఎప్పుడూ చివరి దెబ్బకే పడతాయి.

నాయిక ఉపాయం మరొకరి చేతికి వెళ్లడం మన జానపద చిత్రాల్లో పాత అలవాటే. 1951లో వచ్చిన పాతాళ భైరవిలో అల్లావుద్దీన్ కథ ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గాలాన్‌కు చెప్పిన కథ అది. గాలాన్ రాసిన దాంట్లో, మాంత్రికుడు భవనంతో సహా రాకుమారిని ఎత్తుకుపోయాక, అతన్ని విందుకు పిలిచి, తియ్యగా మాట్లాడి, విషం కలిపిన పాత్ర అందించేది రాకుమారే. మందు అల్లావుద్దీన్ తెచ్చిస్తాడు. నిబ్బరంగా నటించి వాడి చేత తాగించే పని ఆమెది. కె.వి. రెడ్డి సినిమాలో మాంత్రికుణ్ణి ఏమార్చే పని కథానాయకుడు తోటరాముడి నేస్తం అంజికి వెళ్లింది. రాకుమారి ఇందుమతికి దుఃఖం, ఎదురుచూపు మిగిలాయి. పాతాళ భైరవి నాకు ఎంతో ఇష్టమైన సినిమా, దాని మాటలకూ మాయలకూ ఈనాటికీ సాటి లేదు. అయినా అక్కడ నాయిక నుంచి తీసేసుకున్నది చిన్నదేమీ కాదు.

నాయిక విషయంలో పోలీసు కథలు వేరే దారి పట్టాయి. 1990లో కర్తవ్యం సినిమాలో విజయశాంతి కథనంతా తన భుజాల మీద మోసి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. ఆ దారి ఆమెతోనే దాదాపు ఆగిపోయింది.

బాలనాగమ్మ వారసత్వాన్ని నిజంగా అందుకున్నది 2009 నాటి అరుంధతి. కోడి రామకృష్ణ తీసిన ఈ సినిమాలోనూ క్షుద్రవిద్యలు నేర్చి స్త్రీని కోరే దుర్మార్గుడే ప్రతినాయకుడు. గద్వాల సంస్థానంలో నాయిక జేజమ్మ ఆ దుర్మార్గుడు పశుపతిని బలంతో గెలవలేదు, గెలవలేనని ఆమెకు తెలుసు. అతని కోరికనే ఎర చేసి, నాట్యంతో మురిపించి, మంత్రం పలకకుండా నాలుక తెగ్గోస్తుంది. ఆ తరువాత తన ఎముకలే ఆయుధం కావాలని ప్రాణం ఇస్తుంది. అందులో ఆమెకు తోడు నిలిచేవాడు ఒక ఫకీరు కావడం పాత కథకు అందమైన తిరగవేత. ఉపాయం ఆమెదే, త్యాగం ఆమెదే, మరుజన్మలో ముగింపూ ఆమెదే. యాక్షన్ సినిమా తన హడావిడి వదలకుండానే బందీ స్త్రీ తెలివికి చోటివ్వగలదని ఈ చిత్రం రుజువు చేసింది. కాబట్టి అది కుదరదనే సాకు చెల్లదు.

బాహుబలికి కూడా న్యాయం చేయాలి. రెండో భాగంలో దేవసేన బలం విల్లులో కన్నా ఆమె తిరస్కారంలో ఉంది. రాజమాత శివగామి నగలతో పంపిన సంబంధాన్ని ఆమె తోసిపుచ్చుతుంది. మాహిష్మతి సభలో నిలబడి, నా ఇష్టం అడిగారా అని నిలదీస్తుంది. ఆ ఒక్క మాటతో సింహాసనం చేతులు మారుతుంది, తల్లీకొడుకులు విడిపోతారు, చివరికి ఒక ప్రాణం పోతుంది. శివగామి మాటే శాసనమైన రాజ్యంలో ఎదురు మాట పుట్టింది మరో స్త్రీ నోటి నుంచే. ఆ ఇద్దరి మధ్య నడిచిన ఘర్షణ ఏ యుద్ధ దృశ్యానికీ తీసిపోదు. ఆ పాత్రల్లో రమ్యకృష్ణ, అనుష్క ఎదురెదురుగా నిలబడ్డప్పుడు కెమెరాకు పరుగెత్తే అవసరమే రాలేదు.

అందుకే ఒక విషయం నన్ను ఇంకా వదలదు. కొడుకు వచ్చాడు, గతం తెలియాలి. బాలనాగమ్మ కథలో ఫకీరు ప్రాణ రహస్యం తల్లి నోటి నుంచి కొడుకు చెవిన పడుతుంది. బాహుబలిలో మహేంద్రకు జరిగినదంతా చెప్పేది కట్టప్ప. అమరేంద్రను పొడిచినవాడు కాబట్టి ఆ నోటి నుంచి వినడంలో నాటకీయత ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గతాన్ని పాతికేళ్లు సంకెళ్లలో మోసిన మనిషి అక్కడే ఉంది. వరించింది ఆమె, ఎదిరించింది ఆమె, భర్తను పోగొట్టుకున్నది ఆమె. తన కథను కన్నకొడుక్కి తన మాటల్లో చెప్పుకునే అవకాశం ఆమెకు ఇవ్వలేదు.