కుక్కపిల్ల ఒంటిపై గడ్డ: ఎప్పుడు ఉపేక్షించరాదు?

యంత్రాల తనిఖీ విభాగంలో మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న నాకు ఏ లోపాన్నయినా కొలిచి, తేదీ వేసి, నమోదు చేయడం అలవాటు. ఆ అలవాటుపై పెట్టుకున్న అతి నమ్మకమే ఒకసారి మా ఇంటి కుక్కపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. మన కాలనీలో కుక్కపిల్లలను పెంచుకునే కుటుంబాలు అనేకం ఉన్నాయి గనుక ఆ అనుభవాన్ని తోటి ఉద్యోగులతో పంచుకోవడం సముచితమని భావిస్తున్నాను.

మా అమ్మాయి రెండు నెలల పిల్లను తెచ్చిన రోజునే దాని బొడ్డు వద్ద ఉసిరికాయంత మెత్తని ఉబ్బు కనిపించింది. వేలితో నొక్కితే లోపలికి పోయేది, వదిలితే తిరిగి వచ్చేది. అది బొడ్డు హెర్నియా అనీ, పుట్టిన తరువాత మూసుకోవలసిన రంధ్రం మూసుకోకపోవడమే దానికి కారణమనీ పశువైద్యుడు చెప్పారు. పిల్ల ఎదిగేలోగా మూసుకోకుంటే శస్త్రచికిత్స చేయవచ్చునని ధైర్యం చెబుతూనే, ఉబ్బు గట్టిపడినా, లోపలికి పోకున్నా వెంటనే తీసుకురమ్మని హెచ్చరించారు.

నేను వారం వారం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి డైరీలో రాశాను. ఆరు వారాలు అంకె మారలేదు. ఏడవ వారంలో ఒక సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది. "కొలత పెరగలేదు కదా, ఉదయం చూద్దాం" అన్నాను. మా శ్రీమతి ఉబ్బును తాకి చూసి, "ఇది రాయిలా ఉందండీ, లోపలికి పోవడం లేదు" అన్నది. ఆ రాత్రే వైద్యుని వద్దకు పరుగెత్తాము. పేగు ఆ రంధ్రంలో చిక్కుకుని, రక్తప్రసరణ ఆగిపోయే దశలో ఉంది. శస్త్రచికిత్సతో పిల్ల బ్రతికింది. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ప్రతి గడ్డా ప్రమాదకరం కాదు. ముందుగా వెంట్రుకలు విడదీసి చూడాలి. మగపిల్లకు కూడా చనుమొనలు ఉంటాయి. వాటిని చూసి కంగారుపడనక్కరలేదు. రక్తం తాగి ఉబ్బిన పిడుదు సైతం గడ్డలా తోస్తుంది. టీకా వేసిన చోట లేచే బుడిపె సాధారణంగా కొద్ది వారాలలో కరుగుతుంది. నెల దాటినా పెరుగుతూ ఉంటే చూపించాలి. తలపైన, చెవులపైన, కాళ్ళపైన ఎర్రని బొత్తాములా లేచే గడ్డ తరచు హిస్టియోసైటోమా అయి ఉంటుంది. 3 ఏళ్ళలోపు కుక్కలలో ఎక్కువగా కనిపించే ఇది చాలావరకు రెండు మూడు నెలల్లో తనంతట తానే పోతుంది. అయితే అది అదేనని నిర్ధారించవలసినది సూదితో కణాలు తీసి పరీక్షించే వైద్యుడే గాని మనం కాదు.

ఈ క్రింది సందర్భాలలో మాత్రం జాప్యం తగదు. తేనెటీగ కుట్టిన తరువాత గాని, టీకా వేసిన తరువాత గాని ముఖం వాచి ఊపిరి అందకున్నా, పిల్ల సోలిపోయినా ఆ క్షణమే బయలుదేరాలి. గడ్డ వేడిగా, నొప్పిగా ఉండి పిల్ల నీరసించితే అది చీముగడ్డ కావచ్చు. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన లెక్కతో చూసి జ్వరమని భ్రమపడరాదు. 4 నెలలలోపు పిల్లకు మూతి, కనురెప్పలు వాచి, దవడ క్రింద బిళ్ళలు కడితే అదే రోజు చూపించాలి. చికిత్స ఆలస్యమైతే శాశ్వతంగా మచ్చలు మిగలవచ్చు.

గడ్డను పిండడం, సూదితో పొడవడం, వాతలు పెట్టడం చేయరాదు. మనం వాడే పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రలు వైద్యుని సలహా లేకుండా ఇవ్వరాదు. అవి కుక్కలకు విషతుల్యం కాగలవు.

ఇప్పుడు నా డైరీలో ఒక గడికి బదులు ఐదు గడులున్నాయి: పరిమాణం, గట్టిదనం, వేడి, నొప్పి, పిల్ల తిండి. మొదట చూసేది చివరి గడినే. కొలత మారకపోయినా పిల్ల తీరు మారితే, ఆ పూటే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.