గెలిచిననాటి లెక్క

ఓడిననాడు తప్పులెన్నుటకు వెనుదీయువా రుండరు. ఆటగాని కాలు, శిక్షకుని బుద్ధి, యజమానుల ధనము, తుదకు మైదానములోని పచ్చిక సైతము విమర్శకు లోనగును. గెలిచిననాడు మాత్రము లోపమును గూర్చి నోరు మెదపినవాడు ద్రోహిగా నెంచబడును. కాని పంట కళ్లమునకు వచ్చిననాడే తాలును గట్టిగింజను వేరుచేయుట సేద్యమెరిగినవారి యాచారము. తూర్పారబట్టక గాదె నింపినవాడు విత్తులు చల్లునాడు విచారింపవలసివచ్చును. ఫుట్‌బాలు జట్టు నభిమానించువారికిని ఈ యాచారమే శ్రేయస్కరమని మా యభిప్రాయము. ఇందులకు కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టు చరిత్రమునే దృష్టాంతముగా గైకొందుము.

2023 ఆగస్టు 12వ తేదీని కలకత్తా సాల్టు లేకు మైదానమున, డ్యూరాండు కప్పు పోటీలలో, ఈస్టు బెంగాలువారు మోహన్ బాగాను వారిని ఒక్క గోలుతో నోడించిరి. ఆట 60వ నిమిషమున నందకుమార్ శేఖర్ అను చెన్నపట్టణపు యువకుడు కుడివైపునుండి లోనికి జొచ్చి, ఎడమకాలితో బంతిని వంపుగా కొట్టి వలలో వేసెను. జరిగినది ఇంతమాత్రమే. అది తుదిపోటీయు గాదు. కప్పు చేతికి వచ్చుటయు లేదు. అయినను ఆ రాత్రి వేలకొలది జనులు పండుగ చేసికొనిరి.

ఈ సంబరమునకు గల హేతువును తెలియనివారు నవ్వవచ్చును. మోహన్ బాగాను 1889లోను, ఈస్టు బెంగాలు 1920లోను స్థాపింపబడినవి. మొదటిది కలకత్తాయందును పడమటి వంగమునందును తరతరములుగా నున్నవారికి ప్రీతిపాత్రము. రెండవది తూర్పు వంగమునుండి వచ్చినవారిది. 1947లో దేశవిభజనము జరిగినపిదప ఇల్లు, పొలము, చెరువు, గుడి సమస్తమును విడిచి వచ్చిన లక్షలాది కుటుంబములకు పోయిన సీమ పేరు ఈ జట్టు పేరునందే మిగిలియుండెను. కావున వారికి జట్టు గెలుచుట యనగా తాము పరువుతో నిలుచుట. ఈస్టు బెంగాలు గెలిచిననాడు ఇలిశచేపయు, మోహన్ బాగాను గెలిచిననాడు పెద్దరొయ్యయు వండుకొనుట ఆ నగరమున వాడుక. సముద్రమున విలసయై, గోదావరి నెదురీది పులసయగు మన చేపయే వారి ఇలిశ. పులస రుచి యెరిగిన మన గోదావరి మండలములవారికి ఆ విందు విలువను వేరుగ జెప్పనక్కరలేదు.

అదిగాక, ఆ గెలుపునకు ముందు నాలుగున్నరయేండ్ల యవమానము గలదు. 2019 జనవరి 27వ తేదీని ఈస్టు బెంగాలువారు రెండు గోలులతో గెలిచిరి. అటుపిమ్మట వరుసగా ఎనిమిది పర్యాయములు ప్రత్యర్థి చేతిలో నోడిరి. అట్టివారికి తొమ్మిదవసారి లభించిన జయము మరుభూమిని గురిసిన వానవంటిది. వారి యానందమును మేమును మన్నింతుము. కాని ఆనందము వేరు, అంచనా వేరు. ఆ రాత్రి గడచిన పిమ్మట తెల్లవారి జమాఖర్చు పుస్తకము విప్పి చూచిన యభిమాని కేమి కనబడవలసియుండెనో విచారింతము.

మొదట జమ. ఎనిమిది యోటముల భయము తొలగినది. అంతకు పూర్వము బెంగుళూరు జట్టునకు 2018-19లో ఇండియన్ సూపర్ లీగు కిరీటమును సంపాదించిపెట్టిన స్పెయిను దేశీయుడు కార్లెస్ క్వాద్రాత్ శిక్షకుడుగా వచ్చి జట్టునకు క్రమము నేర్పినాడు. రక్షణశ్రేణి చెదరక నిలిచినది. ఒక్క గోలు చేసి దానిని తుదివరకు కాపాడుకొనగలిగినది. ఎదుట నిలిచినదియు సామాన్యమైన జట్టు గాదు. అంతకు ముందటి లీగు కప్పును గెలిచిన జట్టు. ఇవి గట్టిగింజలు. వీనిని తాలని త్రోసివేయుట యన్యాయము.

పిమ్మట ఖర్చు. ఆరు దినములకు పూర్వమే ఈ జట్టు బంగ్లాదేశు సైనికుల జట్టుపై రెండు గోలుల ఆధిక్యము గడించియు, చివరి నిమిషములలో రెండింటిని పోగొట్టుకొని సరిసమానముతో బయటపడెను. మోహన్ బాగానువారు నాలుగు దినములలో ఆసియా ఖండపు పోటీ నొకదాని నాడవలసియుండిరి. ఆ సంగతియు తక్కెడలో వేయదగినదే. అన్నిటికంటె ముఖ్యము, జయమును దెచ్చిన గోలు పలువురు కలిసి యల్లిన ఆటవలన గాక ఒక్కని నేర్పువలన వచ్చినది. ఒక్క యెద్దుపై కాడి మోపిన సేద్య మెంతకాలము సాగును?

ఈ ఖర్చు పద్దును ఆనాడే చదివినవారికి తరువాతి కథ ఆశ్చర్యము గొల్పియుండదు. సెమీఫైనలులో ఈశాన్యభారతపు జట్టునకు రెండు గోలులు సమర్పించుకొని, వెనుకనుండి వచ్చి, అదనపు నిమిషములలో మరల ఆ నందకుమార్ కొట్టిన గోలుతోనే సరిచేసి, పెనాల్టీలతో గట్టెక్కిరి. సెప్టెంబరు 3వ తేదీని, అనగా మొదటి జయమునకు సరిగా 22 దినములకు, తుదిపోటీలో మరల మోహన్ బాగానే యెదురాయెను. 62వ నిమిషమున అనిరుద్ధ థాపా మైదానమునుండి పంపివేయబడుటచే ఆ జట్టువారు పదుగురే మిగిలిరి. అయినను 71వ నిమిషమున దిమిత్రి పెత్రాతోస్ గోలుకొట్టెను. ఈస్టు బెంగాలువారు పదునొకండుగురై యుండియు మిగిలిన కాలములో నొక్క గోలును చేయలేకపోయిరి. కప్పు ప్రత్యర్థుల పాలాయెను.

ఇందలి మర్మమును గమనింపవలయును. మొదటినాడు వలసినది ద్వారము మూసి, సమయము చూచి దెబ్బతీయుట. అది వారికి వచ్చును. రెండవనాడు ఎదుటివారు ద్వారము మూసికొని కూర్చుండిరి. దానిని తెరచుట వలసివచ్చెను. అది వారికి రాదు. మూయుటయు తెరచుటయు రెండు వేర్వేరు విద్యలు. ఒకదానియందు కృతార్థుడైనవాడు రెండవదానియందును అట్లేయగునని తలచుట అభిమానము గాని విచారణ గాదు. ప్రత్యర్థి పైకి వచ్చునాడు బలముగా దోచిన లక్షణమే, ప్రత్యర్థి వెనుకకు తగ్గినాడు బలహీనతయై బయటపడినది.

ఇది యొక్కసారి జరిగిన సంగతియే యైనచో యదృచ్ఛ యనవచ్చును. 1997 జులై 13వ తేదీని ఫెడరేషన్ కప్పు సెమీఫైనలును చూచుటకు ఆ సాల్టు లేకు మైదానమునకే 1,31,000 మందికి పైగా జనులు వచ్చిరి. మోహన్ బాగాను శిక్షకుడు అమల్ దత్త పన్నిన వజ్రవ్యూహమును గూర్చి నగరమంతయు చర్చించుకొనుచుండ, పి. కె. బెనర్జీ శిక్షణమున నున్న ఈస్టు బెంగాలువారు దానిని ఛేదించి 4-1 తేడాతో గెలిచిరి. భైచుంగ్ భూటియా మూడు గోలులు కొట్టెను. ఆ పోటీని నేటికిని కథలుగా జెప్పుకొందురు. కాని కప్పు వచ్చినది గోవాకు చెందిన సాల్గావ్‌కర్ జట్టునకు. తుదిపోటీలో ఓడినది ఈస్టు బెంగాలే. ఈ రెండవ సంగతిని తలచువారు తక్కువ.

2025 ఆగస్టు 17వ తేదీని డ్యూరాండు కప్పు క్వార్టర్ ఫైనలులో దియామాంతాకోస్ అను గ్రీసు దేశీయుడు రెండు గోలులు కొట్టగా ఈస్టు బెంగాలువారు మోహన్ బాగానును 2-1 తేడాతో నోడించిరి. మూడు దినములు గడచునప్పటికి, 2022లో పుట్టిన డైమండ్ హార్బర్ అను జట్టు వారిని సెమీఫైనలులో అదే 2-1 తేడాతో నింటికి పంపెను. వారిని గెలిచిన గోలును కొట్టినవాడు జాబీ జస్టిన్. 2019 జనవరిలో మోహన్ బాగానుపై ఈస్టు బెంగాలు పక్షమున గోలుకొట్టినవా డితడే! విధి కిట్టి హాస్యములు ప్రియము గాబోలు.

మాకు ప్రతికూలమైన దృష్టాంతమును దాచుట ధర్మము గాదు. 2024 జనవరి 19వ తేదీని భువనేశ్వరమున సూపర్ కప్పులో ఈస్టు బెంగాలువారు మోహన్ బాగానును 3-1 తేడాతో గెలిచి, అంతట నాగక జంషెడ్‌పూరును, తుదిపోటీలో ఒడిషా జట్టును నోడించి, పండ్రెండేండ్లకు జాతీయస్థాయి కప్పును సాధించిరి. ఇది నిజమైన ఘనత. అయినను నాడు మోహన్ బాగానులో ముఖ్యులైన పలువురు ఆసియా కప్పునకై భారతజట్టుతో కతారు దేశమున నుండిరని యెరుంగుట న్యాయము. ఈస్టు బెంగాలువారికిని కొందరు లేరనుటయు న్యాయమే. ఆ కప్పు గెలిచిన సంవత్సరమున లీగులో వారి స్థానము తొమ్మిదవది. మరుసటి సంవత్సరము మొదటి ఆరు పోటీలును వరుసగా నోడి, మరల తొమ్మిదవ స్థానముననే నిలిచిరి. నెలలకొలది సాగు లీగులో తొమ్మిదవవాడు ఒక్క వారములో ప్రథముడగుట సాధ్యమేయని దీనివలన తేలినది. ఆ ప్రథమత్వము నిలుకడగలది గాదనియు తేలినది.

కావున మా సిద్ధాంత మిది: ప్రత్యర్థిపై జయము జట్టు మనస్సును గొలుచును, లీగు దాని శరీరమును గొలుచును. పౌరుషముతో నొక్క సాయంకాలము ఎవ్వరైనను లేచి నిలువవచ్చును. వానలో, ఎండలో, పేరులేని జట్టుతో, ఖాళీ మైదానమున, గాయపడినవాని స్థానమున మరియొకనితో నాడి గెలుచుటకు పౌరుషము చాలదు. శిక్షణము, సంపద, రెండవ వరుసలో సిద్ధముగా నుండు ఆటగాండ్రు కావలయును.

ఈ సత్యమునకు మన హైదరాబాదువాడే సాక్షి. ఆ 2023 ఆగస్టు జయమునకు మూడు దినములైన పిదప, 15వ తేదీని, మహమ్మద్ హబీబ్ హైదరాబాదున కాలధర్మము నొందెను. ఆయన కలకత్తాలోని మూడు పెద్దజట్ల పక్షమునను ఆడి యందరి మన్ననను బడసినవాడు. 1977లో పెలే యాడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బాగాను పక్షమున గోలు చేసినవాడు. 1970 మొదలు 1974 వరకు ఆయన ఈస్టు బెంగాలులో నుండెను. 1970 నుండి 1975 వరకు వరుసగా ఆరు సంవత్సరములు కలకత్తా లీగు ఆ జట్టుదే. 1975 సెప్టెంబరు 30వ తేదీని ఐ. ఎఫ్. ఏ. షీల్డు తుదిపోటీలో మోహన్ బాగానును 5-0 తేడాతో నోడించిన ప్రఖ్యాతజయము ఆ యారేండ్ల నిలుకడకు కాచిన ఫలము. అభిమానులు ఐదు గోలులను స్మరింతురు. ఆరు లీగులను మరతురు. చెట్టును మరచి పండును బొగడుట యన్న నిదియే.

గెలిచినవారి సంతోషమున కడ్డుపడి నీరసపు మాటలు పలుకుట యెందులకని కొంద రడుగవచ్చును. మేము విందును వలదనలేదు. ఇలిశను వండుకొనవలసినదే, పాడవలసినదే, నిదుర మానవలసినదే. తెల్లవారిన పిమ్మట మాత్రము మూడు ప్రశ్నలు వేసికొనవలయును: ఎదుటివారు పూర్ణబలముతో నుండిరా? మన గోలులు జట్టువలన వచ్చినవా, ఒక్కనివలన వచ్చినవా? ఈ యాటయే ఆడినచో, పౌరుషము పుట్టించని రేపటి ప్రత్యర్థిపై గెలుతుమా?

ఈ లెక్క చూడకుండుటవలన కీడు వట్టి నిరాశతో బోవునది గాదు. గెలిచిననాడు లోపము లెరుగనివాడు ఓడిననాడు గుణము లెరుగడు. పండ్రెండేండ్లకు కప్పు దెచ్చిన క్వాద్రాత్ శిక్షకుడు, ఎనిమిది మాసములు గడచి లీగులో తొలి మూడు పోటీలు పోగానే 2024 సెప్టెంబరు తుదిని పదవి విడిచెను. గెలుపునాడు జట్టులోని బీటలను యజమానులును అభిమానులును కలసి చూచియుండినచో, ఓటమినాటి భారమంతయు నొక్కని శిరస్సున బడియుండునా? మితిమీరిన పొగడ్తయు మితిమీరిన నిందయు నొక్క తల్లి బిడ్డలే.

జట్టును బ్రేమించువాడు దాని బలమును చాటుటకు సిగ్గుపడనక్కరలేదు. బలహీనతను జూచుటకు భయపడనక్కరలేదు. తన పొలములో చవిటినేల యెంతయో యెరిగిన రైతు ఆ పొలము నమ్ముకొనడు, దానిని బాగుచేసికొనును. ఈస్టు బెంగాలు అభిమానులేగాక, ప్రత్యర్థిపై గెలిచి పొంగుచున్న యే జట్టువారైనను ఈ మాట మనస్సున నుంచుకొందురుగాక.