ఒడ్డుతోనే ఆగిపోవద్దు

తీర్థయాత్రలు ముగించుకొని హస్తినకు తిరిగివచ్చిన విదురుణ్ణి ధర్మరాజు ఆదరించి, ఎలా కాలం గడిపారు, ఏయే క్షేత్రాలు సేవించారు అని ప్రశ్నిస్తాడు. మీవంటి భాగవతుల వల్లనే తీర్థాలు తీర్థాలవుతున్నాయని కూడా అంటాడు. భాగవతం ప్రథమస్కంధంలోని ఘట్టమిది. మంత్రాలయం వెళ్లివచ్చిన మనల్ని ఎవరైనా అదే ప్రశ్న అడిగితే ఏమని చెబుతాం? గది దొరికింది, దర్శనం బాగా జరిగింది, పరిమళ ప్రసాదం తెచ్చామని చెప్పి ఊరుకుంటాం. పాఠక మహాశయులారా! ఆ జవాబుకు మరికొంత చేర్చుకొనేందుకే ఈ నాలుగు మాటలు.

రాతి తీరం

కర్నూలు జిల్లా పడమటి సీమకు సముద్రం లేదు. ఎండ ఎక్కువ, వాన తక్కువ. ఈ సీమకున్న తీరమల్లా తుంగభద్రా తీరమే. శివమొగ్గ సమీపాన కూడలి వద్ద తుంగ, భద్ర సంగమించి, హోస్పేట ఆనకట్టను దాటి ఈ తల్లి మంత్రాలయానికి వస్తుంది. వేసవిలో నీరు సన్నగిల్లితే ఏటి నడుమ నల్లని గుండ్లు, బండలు బయటపడతాయి. గురుసార్వభౌములు తమ బృందావనానికి శిలను సమీపంలోని మాధవరం గ్రామంలోనే ఎంపిక చేశారని సంప్రదాయం. వనవాస కాలంలో సీతారాములు ఆ శిలపై విశ్రమించారని పెద్దలు చెబుతారు. ఆవలి గట్టున, రాయచూరు జిల్లాలో, స్వామి తపస్సు చేసిన పంచముఖి ఆంజనేయ క్షేత్రం కూడా గుండ్ల నడుమ వెలసినదే.

'తీర్థ' శబ్దానికి మూలం దాటుట అనే అర్థమున్న ధాతువు. దిగి దాటగలిగిన రేవు తీర్థం. కనుక రేవు తెలియనిచోట దిగరాదు. నాచు పట్టిన బండల పక్కనే లోతైన మడుగులుంటాయి. మోకాటి లోతున పారిన ఈ నదే 2009 అక్టోబరులో పొంగి మఠ ప్రాంగణాన్ని ముంచెత్తింది. స్నానఘట్టం విడిచి బండలపైకి పోకండి. పిల్లలను ఒంటరిగా వదలకండి.

ఆదోని కొండలు

రైలులో మంత్రాలయం రోడ్డుకు వెళ్లే యాత్రికులలో చాలామంది ఆదోనిని కిటికీలోంచే చూస్తారు. ఒక్కపూట దిగి చూడవలసిన ఊరది. విజయనగర ప్రభువులకు పెట్టనికోటగా నిలిచిన ఆదవాని దుర్గం, తళ్లికోట యుద్ధానంతరం బీజాపూరు సుల్తానుల వశమైంది. వారి ప్రతినిధి సిద్ది మసూద్ ఖాన్ స్వామి మహిమకు తలవంచి మంచాల గ్రామాన్ని సమర్పించాడని మఠ సంప్రదాయం. ఆ మంచాలే నేటి మంత్రాలయం. అక్కడే 1671లో శ్రీ రాఘవేంద్రులు సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆదోనిలోని జామియా మసీదును కట్టించినవాడూ ఆ మసూద్ ఖానే. మంత్రాలయ చరిత్రలో సగం ఆదోనిలో ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

తెల్లవారుజామున రణమండల ఆంజనేయస్వామి కొండ ఎక్కండి. ఎండ ముదిరితే రాతి మెట్లు కాళ్లను కాలుస్తాయి. పైనుంచి ఊరు, దాని చుట్టూ నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఆ చేల పత్తి చేరేది ఆదోని మార్కెట్ యార్డుకే.

ఎమ్మిగనూరు మగ్గాలు

ఆదోని నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు వెళితే ఎమ్మిగనూరు. పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడికి కదిలివస్తాయి. నేతగాళ్ల కష్టం చూసి మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇప్పుడు ఆ ఊళ్లో మగ్గాల చప్పుడు మునుపటంత వినిపించదు. వానలు మొహం చాటేసిన ఏడాది కోసిగి, కౌతాళం ప్రాంతాల పల్లెజనం మూటాముల్లె కట్టుకొని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు సుగ్గికి పోతారు. ముసలివారే ఇళ్లకు కాపలా. గుడిలో దీపం పెట్టే చేతులు కూడా అప్పుడు తగ్గిపోతాయి.

ఒక్క మనవి

స్నానానంతరం కట్టుబట్టను ఏటిలో వదిలితే పాపం పోతుందని కొందరి నమ్మకం. అర్చకుడిగా, వేదాధ్యాయిగా ఒక మాట చెప్పాలి. తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న నీటిలో మలమూత్రాలు విడువరాదని, ఉమ్మివేయరాదని, వివస్త్రులై స్నానం చేయరాదని నిషేధించింది. వస్త్రాన్ని నీట వదలమని అక్కడ ఎక్కడా లేదు. వదిలిన బట్ట బండల సందున చిక్కి కుళ్లుతుంది. మరో భక్తుని కాలికి చుట్టుకుంటుంది. దిగువ ఊళ్లవారు తాగేదీ ఆ నీరే.

ఆదోని చేల పత్తి, ఎమ్మిగనూరు నేతగాని చేతిలో వస్త్రమవుతుంది. దాన్ని ఏటిపాలు చేయడం భక్తి ఎలా అవుతుంది? ఈసారి యాత్రలో పాత బట్టను ఇంటికే తీసుకువెళ్లండి. వీలైతే ఒక చేనేత వస్త్రం కొని, దానినే స్వామి సన్నిధికి ధరించి వెళ్లండి. ఆ రూపాయి ఒక మగ్గాన్ని మరొక పూట ఆడిస్తుంది. సుగ్గికి పోవలసిన ఒక ఇల్లు ఊళ్లోనే నిలవవచ్చు.

రేపు ఎవరైనా 'ఏమి చూసి వచ్చారు?' అని అడిగితే, స్వామిని చూశాం, ఆ స్వామి నీడన బతుకుతున్న సీమనూ చూశామని చెప్పగలగాలి. విదురునికి సరితూగే యాత్రికులం కాకపోవచ్చు. ఆయన నడిచిన దారిన రెండడుగులైనా వేసినవారమవుతాం.